ఆండాలు మలారం దించిన ఏడు

సూర్యాపేటలో గాజుల ఆండాలును ఎరగని ఇల్లు లేదు. ఆ మాటకొస్తే ఇటు పెన్‌పహాడ్ నుంచి అటు అనంతగిరి దాకా ఆమె గొంతు వినని వాకిలి లేదు. "గాజులూ... మట్టిగాజులూ..." అని వీధి మొదట్లో ఒక్క కేక వేసిందంటే చాలు, ఎంత గయ్యాళి అత్త కింద ఉన్న కోడలైనా చేతిలో పని వదిలి గడప దాకా వచ్చేది.

పెళ్లయిన మూడో ఏట అత్తగారు తన నెత్తి మీది మలారం తీసి ఆండాలు నెత్తిన పెట్టింది. మలారమంటే గాజుల మూట. రంగుకొక తాడు చొప్పున గాజులు గుచ్చి, ఆ తాళ్లను పాత దుప్పటిలో పేర్చి బిగించి కట్టేవారు. చూడ్డానికి ఏముంది, చంటిపిల్లను చుట్టినంత ఉంటుంది. గాజు బరువెంతో మోసినవాళ్లకే తెలుసు. ఆ మూటతో ఆమె నలభై ఏళ్లకు పైగా నడిచింది. ఇద్దరు ఆడపిల్లల్ని కన్న రెండు నెలలు తప్ప ఆ నెత్తి ఖాళీగా ఉన్నది లేదు. ఆ బిడ్డలిద్దరినీ మిర్యాలగూడ పక్క ఊళ్లకే ఇచ్చారు.

ఆమె పనితనం అంతా వేళ్లలో ఉండేది. కొలత చూసేది కాదు. చెయ్యి పట్టుకుని, "మీ బర్రె ఈనిందా బిడ్డా? పెయ్యనా, దున్ననా?" అని అడిగేది. ఆ పిల్ల జవాబు చెప్పేలోపు నాలుగు గాజులు మణికట్టు మీద ఉండేవి. ఏ ఎముక ఎక్కడ ఒంగుతుందో, ఏది మొరాయిస్తుందో ఆమె వేళ్లకు తెలుసు. ఎట్లా తెలుసో ఆమెకు తెలియదు. ఎవరూ అడగనూ లేదు.

భర్త పెద్దులు ఇల్లు కదిలేవాడు కాదు. గాజుల్లో ఓటివి ఏరడం, రంగులు వేరుచేసి గుచ్చడం, మూట కట్టడం అతని పని. మెతక మనిషి. పరాయి ఆడవాళ్లెవరైనా వాకిట్లోకి వస్తే తలొంచుకుని ఇంట్లోకి పోయేవాడు. "గాజులోని ఇంట్ల పుట్టి ఆడోళ్లను సూస్తే సిగ్గుపడేటోన్ని నిన్నొక్కన్నే సూసిన" అని ఆండాలు నవ్వేది.

పంతొమ్మిది వందల నలభై ఏడు వానకాలంలో, అప్పటికి ఆమెకు అరవై దాటి ఉంటాయి, పెన్‌పహాడ్ నుంచి తిరిగి వస్తుంటే చేలో కలుపు తీస్తున్న ఒకామె పిలిచింది.

"ఓ గాజులవ్వా! ఒంటి చెప్పుతోని పోతున్నవేంది?"

ఆండాలు కిందికి చూసుకుంది. ఎడమ కాలికి చెప్పు లేదు. వెనక్కి తిరిగి చాలా దూరం నడిస్తే బురదలో దొరికింది. అంత దూరం రాళ్ల మీదా, తుమ్మ ముళ్ల పక్కనా వట్టి కాలితో నడిచినా, ఆ సంగతి కాలికే తెలియలేదు. ఇంటికొచ్చి ఆ ముచ్చట నవ్వుతూ చెప్పింది. పెద్దులు నవ్వలేదు. ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని చూస్తే మడమలో ఒక ముల్లు సగం విరిగి ఉంది. అది తీస్తున్నప్పుడు ఆమె "అబ్బా" అనలేదు.

ఆ తర్వాత ఒకటొకటిగా వచ్చాయి. వేళ్లు మొద్దుబారినట్టుండేవి, చలికాలం పొద్దున చన్నీళ్లలో పెట్టి తీసినట్టు. చేతిలోంచి గాజు జారేది. కింద పడి పగిలిన చప్పుడు విన్నాకే జారిందని తెలిసేది. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకుంటే చాలు, ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోయేది. ఒక చేత్తో గోడ పట్టుకుని రెండో చేత్తో కడుక్కోవడం అలవాటు చేసుకుంది. పొయ్యి ఊదడానికి తల వంచితే మెడ వెనక ఒక మెరుపు పుట్టి వెన్ను మీదుగా కాళ్ల దాకా దిగేది. తల ఎత్తితే పోయేది. దాన్ని గురించి ఎవరికీ చెప్పలేదు. అరవై దాటిన ఒంటికి ఏదో ఒకటి ఉండదా అనుకుంది. కూర్చున్నవాళ్లకు రోగాలు కనబడతాయి గానీ నడిచేవాళ్లకు కాదని ఆమె అత్తగారు అనేది.

ఆ ఏడాది చివర్లో నడిగూడెం బయల్దేరింది. నడిగూడెం మునగాల పరగణాలోది, నిజాం సర్కారు హద్దు దాటి ఇండియా యూనియన్‌లోకి పోవాలి. రోజులు బాగాలేవు. హద్దు మీది తనిఖీ నాకా దగ్గర జవాను మూట విప్పమన్నాడు. ఆండాలు మూట దించి ముడి పట్టుకుంది. తను కట్టుకున్న ముడి, కళ్లకు కనబడుతూనే ఉంది. వేళ్లకు మాత్రం దాని కొస దొరకడం లేదు. లాగింది, గిల్లింది, పళ్లతో పట్టబోయింది.

"ఏం ముసల్దానా, ఏం దాసినవ్? సేతులెందుకు వణుకుతున్నయ్?" అని జవాను కర్ర పైకెత్తాడు.

"ఏం దాయలే బిడ్డా. ముడి రాట్లేదు."

"నువ్వు కట్టిన ముడి నీకు రాదా?"

అతనే విప్పాడు. తాళ్లు ఎత్తి ఎత్తి చూశాడు, గాజులు తప్ప ఏమీ లేవు. ఏమనుకున్నాడో, మళ్లీ తనే మూట కట్టి ఆమె నెత్తికెత్తాడు. ఆండాలు అటు పది అడుగులు వేసి దారి పక్కన నిలబడిపోయింది. అతను కర్ర ఎత్తినందుకు కాదు ఆమెకు ఏడుపొచ్చింది. అతని మాట నిజమైనందుకు.

అటు తర్వాత నిజాం మూకల దాడులతో ఊళ్లు అల్లకల్లోలమైపోయాయి. పల్లెల్లో మగవాళ్లు చేలల్లోనో అడవుల్లోనో తలదాచుకున్నారు. జనం పిల్లాజెల్లలతో పరగణాకు వలసపోయారు. పెళ్లి మాట ఎత్తినవాళ్లు లేరు. గాజులెవరికి కావాలి? నలభై ఎనిమిదిలో మాఘం నుంచి భాద్రపదం దాకా మలారం ఇంట్లో దూలానికి వేలాడింది, ఆండాలు ఇంట్లో కూర్చుంది. విచిత్రమేమంటే ఆ నెలల్లో ఆమె ఒళ్లు అంతకు మించి చెడలేదు. బాగుపడిందని కాదు; ఉన్నచోట ఆగింది. మెడలో మెరుపులు తగ్గాయి. "రోగం పోయింది" అనుకుంది. మోయకపోవడం వల్ల ఆగిందన్న ఆలోచన ఆమెకు రాలేదు, ఇంకెవరికీ రాలేదు.

యూనియన్ సైన్యం వచ్చింది, దారులు తెరుచుకున్నాయి. ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఆ మాఘమాసం ఏ ఊళ్లో చూసినా పందిళ్లే. ఆండాలు మూటకు మూట తోడుచేసి నెత్తికెత్తుకుంది. రోజూ రెండు ఊళ్లు తిరిగింది. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయేవి, మోకాళ్లు మడవకుండా పాదాలు ఈడ్చుకుంటూ నడిచేది. పొద్దుగూకితే నేల ఎక్కడుందో తెలిసేది కాదు, దూది మీద నడిచినట్టుండేది. అయినా ఆగలేదు. ఏడాదిగా ఖాళీగా ఉన్న ఆడపిల్లల చేతులు ఆమె కోసం ఎదురుచూస్తున్నాయన్న సంబరమే ఆమెను నడిపించింది.

పెన్‌పహాడ్‌లో భద్రమ్మ గారిది పెద్ద ఇల్లు. మనవరాలు జమున పెళ్లి. పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, ముత్తయిదువలంతా చుట్టూ చేరారు. భద్రమ్మ గాజులు కూడా ఆండాలు చేతుల మీదుగానే ఎక్కాయి ఒకప్పుడు. ఆ ఇంట్లో ఇది మూడో తరం.

జమున చెయ్యి చిన్నది, లేత చెయ్యి. కళ్లు మూసుకునైనా ఎక్కించగలిగే చెయ్యి. ఆండాలు ఆముదం రాసి బొటనవేలు మడిచింది. ఆకుపచ్చ గాజు పెట్టి ఒత్తింది. ఎంత ఒత్తుతున్నదో ఆమెకు తెలియడం లేదు. గాజు వేళ్ల కింద ఉన్నట్టే అనిపించింది, లేనట్టే అనిపించింది. ఇంకొంచెం ఒత్తింది.

"అమ్మా!" అని పిల్ల కేక వేసింది.

గాజు రెండు ముక్కలైంది. ఒక ముక్క ఆ పిల్ల అరచేతి పక్కన దిగింది. పసుపు చీర మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. అయితే ఆండాలు వెంటనే చెయ్యి వదల్లేదు, గట్టిగా పట్టుకునే ఉంది. అందరికీ వింతగా తోచింది అదే. విచ్చుకోని ఆమె వేళ్లను ఎవరో విడదీశారు.

"పెండ్లిపిల్లకు నెత్తురు సూపిస్తవా? తాగొచ్చినవా ఆండాలూ?" అంది భద్రమ్మ. "వాకిట్లకెల్లి వొస్తుంటెనే సూసిన. తూలుకుంట వొస్తున్నవ్."

"లేదమ్మా. నీ కాళ్లు మొక్కుత. నాకు స్పర్శ తెల్వలే."

"స్పర్శ తెల్వనిదానివి పెండ్లి ఇంటికెందుకొస్తివి?"

ఆండాలు చెల్లాచెదురైన తాళ్లు మూటలో కుక్కుకుంది. ముడి వేయడం చేతకాక పొట్టకు ఆనించి పట్టుకుని బయటికొచ్చింది. దారిలో సైదయ్య ఎదురొచ్చాడు. అతనిది సూర్యాపేటే, ధాన్యం బండి తోలుతాడు. ఏమైందని అడగకుండా ఆమెను బండి మీద ఎక్కించుకుని ఇంటి ముందు దించాడు.

పెద్దులు ఆమె ముఖం చూసి లోపలికి తీసుకుపోయాడు. కుండలో నీళ్లు ముంచి తాగించాడు. చేతికిస్తే పడేస్తుందని తనే గ్లాసు పట్టుకున్నాడు. అప్పుడు ఆండాలుకు తట్టింది, ఈయన కొన్ని నెలలుగా ఇట్లాగే తాగిస్తున్నాడని.

"నీకు ఎరికేనా?" అంది.

"ఎరికే."

"ఎప్పటిసంది?"

"చెప్పు పోయిన్నాటిసంది." గ్లాసు కింద పెట్టాడు. "మొన్న దసరాకు నీ రవికె ముడి ఇడిసి ఉండె. కొంగు కప్పుకొని తిరుగుతున్నవ్. ముడి ఏస్తనంటె నీకు నామోషీ అయితదని అడగలే."

ఆండాలు చాలాసేపు ఏడ్చింది. అతను ఆపలేదు. ఏడుపు అయ్యాక, ఆ రోజూ ఊడి ఉన్న రవికె ముడి వేశాడు.

వైద్యానికి మొదట మిర్యాలగూడ పోయారు. పెద్ద బిడ్డ కబురంపింది, అంగడి పక్కన ఒకడు మెడలు సరిచేస్తాడని. వాడు ఆండాలును కూర్చోబెట్టి గడ్డం ఒక చేత్తో, నడినెత్తి ఒక చేత్తో పట్టుకుని ఒక్క విసురు విసిరాడు. మెడలో టక్కుమంది. "నరం కూసున్నది, పో" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె కుడి చెయ్యి నోటి దాకా లేవలేదు. కాళ్లు నేల మీద నిలవక అల్లుడు ఎత్తుకుని మంచం మీద వేశాడు. మూడు రోజులకు చెయ్యి కొంచెం లేచింది గానీ, అంతకు ముందున్న బలం ఇక రాలేదు. వాడి దగ్గరికి పొమ్మన్నందుకు పెద్ద బిడ్డ అన్నం మానేసి కూర్చుంది. "నీ తప్పేముంది బిడ్డా, నీకేం ఎరుక" అని ఆండాలే ఆమెను ఓదార్చాల్సి వచ్చింది.

కోదాడలో సత్యానందం అనే డాక్టరు ఉన్నాడని సైదయ్య చెప్పాడు. మిషను బడిలో చదివి, బెజవాడ వైపు దవాఖానల్లో పనిచేసి వచ్చిన మనిషి. రోగి చెప్పింది పూర్తిగా వింటాడని పేరు. సైదయ్య బండిలో వరిగడ్డి పరిచి, ఆండాలును పడుకోబెట్టి, కుదుపు తగలకుండా తోలాడు. రెండు రోజుల ప్రయాణం. డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో పోకూడదని పెద్దులు ఆయన భార్య కోసం ఎర్రగాజుల తాడొకటి పట్టుకున్నాడు.

సత్యానందం ఆమెను తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా నడిపించి చూశాడు. కళ్లు మూసుకుని నిలబడమన్నాడు, ఒరిగిపోతుంటే పట్టుకున్నాడు. చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు తన్నినట్టు ఎగిరింది. తాళంచెవితో అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. ఆయన దాన్ని రెండుసార్లు గీసి చూశాడు. పళ్లు చూపించమన్నాడు, ఏ బావి నీళ్లు తాగుతారని అడిగాడు.

"పండ్లతోని పనేంది బాబూ? నా సేతులు కద పోయినయి" అంది ఆండాలు.

"కొన్ని ఊళ్లలో నీళ్ల వల్ల పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోతాయమ్మా. అప్పుడూ ఇట్లాగే అవుతుంది. మీ పళ్లు బాగానే ఉన్నాయి. మీది వేరే." కొంచెం గొంతు తగ్గించి అడిగాడు. "ఒంటేలుకు ఆగుతుందా?"

ఆండాలు తలొంచుకుంది. పెద్దులు చెప్పాడు: "ఆగదు బాబూ. వాకిలి దాటేలోపల్నే అయితది. నేనే ముందు లేసి చెంబు పెడుత."

డాక్టరు పెద్దులు వైపు ఒక క్షణం చూశాడు. తర్వాత బల్ల మీదున్న గాజుల తాడు తీసుకుని నిలువుగా పట్టుకున్నాడు.

"ఇది చూడండమ్మా. మెడలో ఎముకలు ఇట్లాగే, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటి నడుమ ఖాళీలోంచి, ఇదిగో ఈ తాడులాగా వెన్నుపాము దిగుతుంది. చెయ్యి కదలమని పైనుంచి కబురు పోయేది దాంట్లోనే. ముల్లు గుచ్చుకుందని కాలి నుంచి కబురు వచ్చేదీ దాంట్లోనే. ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తటి బిళ్ల ఉంటుంది. వయసు పైబడితే అది అందరికీ ఎండుతుంది, నలుగుతుంది. మీరు నలభై ఏళ్లు దాని మీద మూట పెట్టారు. మెత్త పోయాక ఎముక అంచులు గట్లు కట్టి లోపలికి పెరిగాయి. గాజు కన్నం ఇరుకైతే తాడు ఏమవుతుంది?"

"నలుగుతది."

"ఒక్కరోజులో తెగదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒత్తుతుంది. ఒత్తిన చోట నెత్తురు సరిగ్గా ఆడదు. నరం మీద పొర ఉంటుంది, అది పల్చబడుతుంది. ఆ తర్వాత లోపలి నరమే ఎండిపోతుంది. కొంత ఎండినా మిగిలింది పని నెట్టుకొస్తుంది గనక మొదట్లో మనిషికి తెలియదు. తెలిసేటప్పటికి చాలా పోయి ఉంటుంది."

"మెడ అసలే నొయ్యదు గద బాబూ!"

"అదేనమ్మా దీంతో వచ్చిన చిక్కు. నలిగేది ఒకచోట, తెలిసేది ఒకచోట. మెడకు ఫోటో తీస్తే ఇంకా గట్టిగా చెప్పొచ్చు. ఆ మిషను ఇక్కడ లేదు. నా చేతికి, నా కంటికి తెలిసినంత వరకు ఇదే."

మిర్యాలగూడలో మెడ తిప్పించిన సంగతి చెబితే ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఇంకెవరినీ, ఎవరినీ ఆ మెడ మీద చెయ్యి వెయ్యనివ్వకండి" అని పెద్దులుకు గట్టిగా చెప్పాడు.

ఆండాలు అడగాల్సింది అడిగింది. "బాగయితదా?"

డాక్టరు గాజుల తాడు బల్ల మీద పెట్టాడు. "చచ్చిన నరం తిరిగి రాదమ్మా. మీకు అబద్ధం చెప్పను. మిగిలింది కాపాడుకోవచ్చు. నెత్తిన బరువు మాత్రం ఇక జన్మలో వద్దు. మద్రాసులో పెద్ద దవాఖానలో ఎముక కోసి దారి వెడల్పు చేస్తారు. కొందరికి నయమవుతుంది. ఈ వయసులో కొందరు బల్ల మీదే పోతారు. మా అమ్మే అయితే నేను పంపను. పోతామంటే చీటీ రాసిస్తాను."

"వొద్దు బాబూ" అంది ఆండాలు. పెద్దులు వైపు చూసింది. అతనూ వద్దన్నట్టు తలూపాడు.

సత్యానందం అట్ట ముక్కకు దూది చుట్టి, గుడ్డ కుట్టించి, మెడకు కట్టి పంపాడు. తల వంచకూడదు, కింద పడకూడదు అన్నాడు. బండిలో వస్తూ ఆండాలు ఒక్కటే మాట అంది. "నన్ను తాగుబోతుదన్నరు. తాగకుండ ఎందుకు తూలుతున్ననో ఇగ నాకన్న తెలిసింది." ఆ మాటలో కోపం లేదు, ఒక బరువు దిగినట్టుంది.

ఇంటికొచ్చిన నెల్లాళ్లు ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. గుడ్డ పట్టీ చెమటకు తడిసి దురద పుట్టేది. దూలానికున్న మలారం వైపు చూడలేక మంచం అటు తిప్పించుకుంది. ఒకరోజు పెద్దులు మలారం దించి నడింట్లో పెట్టాడు.

"ఎవ్వలికన్న అమ్ముతవా?" అంది ఆండాలు.

"నేను మోస్త."

ఆమె అతని వైపు తేరిపార చూసింది. "నువ్వా? నెత్తి మీదనా? నా మెడ సూసినంక గూడనా?"

"నెత్తి మీదెందుకు? కావడి కట్టుకుంట. నువ్వు ఎంబడి రా. నడిసినంత నడువు. నడవలేకుంటె సైదయ్య బండి ఉన్నది."

"గాజులెవరు ఎక్కిస్తరు?"

పెద్దులు నేల చూపులు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేర్పియ్యి" అన్నాడు.

అరవై ఐదేళ్ల మనిషికి గాజులెక్కించడం నేర్పడం మొదలైంది. ముందు ఆండాలు చేతి మీదే ప్రయత్నించాడు. అక్కడే తేడా కొట్టింది. అతను ఎంత మొరటుగా నొక్కినా ఆమెకు తెలియదు. "మంచిగనే ఎక్కిస్తున్నవ్" అంటోంది, చూస్తే తోలు లేచిపోయి ఉంది. పెద్దులు గాజు పక్కన పెట్టేసి ఆమె చేతికి నూనె రాశాడు.

పక్కింటి అచ్చమ్మ ఇదంతా గోడ మీద నుంచి చూస్తూనే ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. భర్త పోయి ఇరవై ఏళ్లయింది. ఆ ఇరవై ఏళ్లూ ఆ చేతులు బోడిగానే ఉన్నాయి. మర్నాడు వచ్చి పెద్దులు ముందు కూర్చుని చెయ్యి చాపింది.

"ఎక్కియ్యి తమ్మీ. ఎక్కించి తీసెయ్యి. నొస్తె నేను సెప్త. నా నోరు పోలే."

"అక్కా, నీకు... తప్పు గాదా?" అంది ఆండాలు.

"ఇన్నేండ్లు తప్పు సెయ్యక ఏం బాముకున్న? కానీ."

చెప్పడం ఆండాలు వంతు. ఇంతకాలం చేతులు చేసిన పనికి ఆమె దగ్గర మాటలు లేవు. ఒక్కొక్కటి వెతుక్కోవలసి వచ్చింది. కళ్లు మూసుకుని, ఒకప్పుడు తన వేళ్ల కింద ఏముండేదో తలుచుకుని చెప్పేది. "బొటనేలు మొదట్ల ఉబ్బు ఉంటది సూడు, దాన్ని అరసేతి లోపలికి ఒంచు. గాజును నెట్టకు. గాజు సేతికి ఎక్కదయ్యా, సెయ్యే గాజు లోపలికి దిగాలె. ఆ... కొంచెం తిప్పు. ఎముక వొద్దంటది. వొద్దన్నప్పుడు ఆగు. మాట్లాడు. నువ్వు మాట్లాడితె ఆ సెయ్యి వొదులైతది."

"ఏం మాట్లాడాలె?"

"బర్రె ఈనిందా అని అడుగు!"

"అబ్బా! మెల్లగ, సచ్చినోడా!" అని అచ్చమ్మ అరిచేది. "నాకు బర్రె లేదు, ఏం లేదు, ముందు ఏలు ఇడువు!"

పది రోజులకు అచ్చమ్మ అరవడం తగ్గింది. ఒక మధ్యాహ్నం పన్నెండు గాజులూ ఒక్కటీ చిట్లకుండా ఎక్కాయి. అచ్చమ్మ చెయ్యి పైకెత్తి ఒకసారి మెల్లగా ఆడించింది. గాజుల చప్పుడైంది. కొంచెంసేపటికి "ఇగ తియ్యి తమ్మీ, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండె" అంది.

మొదట దగ్గర ఊళ్లు తిరిగారు. ముందు కావడితో పెద్దులు, వెనక చేతికర్రతో, మెడకు పట్టీతో ఆండాలు. కేక ఆమెదే. ముసలాయన చెయ్యి పట్టుకోబోతే కొత్త కోడళ్లు కొంగులో నవ్వుకున్నారు. అతను తల ఎత్తకుండా చెయ్యి మాత్రమే చూసి ఎక్కించేవాడు. "మీ బర్రె ఈనిందా" అని నేలను అడిగినట్టు అడిగేవాడు. ఆ నవ్వులోనే గాజులు ఎక్కిపోయేవి. భద్రమ్మ గారింటి నుంచి మళ్లీ పిలుపు రాలేదు. ఆండాలూ ఆ వీధికి పోలేదు. జమున చెయ్యి మానిందనీ, పిల్ల అత్తవారింట సుఖంగా ఉందనీ సైదయ్య ద్వారా తెలిసింది, అది చాలనుకుంది.

జబ్బు నయం కాలేదు. డాక్టరు చెప్పినట్టే ఆగింది, మధ్యమధ్య ఒక మెట్టు దిగింది. ఏడాది తిరిగేసరికి అన్నం ముద్ద పెద్దులే కలిపి పెట్టాల్సి వచ్చింది. ఎక్కువ దూరం సైదయ్య బండే గతి అయింది. ఒక్కోరోజు ఆమె కసిరేది, పళ్లెం తోసేసేది, తనను ఇంట్లో పడేసి పొమ్మనేది. పెద్దులు పోయేవాడు కాదు. పళ్లెం తీసి, కడిగి, మళ్లీ వడ్డించేవాడు.

యాభై చివర్లో, చలి మొదలైన రోజుల్లో నడిగూడెం పోయారు. నాకా తీసేశారు, దారిలో అడిగేవాళ్లు లేరు. ఊరి మొదట్లో ఒక ఇంట్లో సీత అనే కొత్త కోడలు గాజులకు కూర్చుంది. చేలో పని చేసిన చెయ్యి, గట్టి ఎముక. పెద్దులు రెండుసార్లు పెట్టి ఆగాడు, ఆండాలు వైపు చూశాడు. ఆమె అరుగు మీద నుంచే ఆ చేతిని చూసి, "ఇంక జర ఎడమకు తిప్పు. ఊపిరి ఇడువమను" అంది. సీత ఊపిరి వదిలింది. గాజు దిగింది.

డజనూ అయ్యాక సీత గాజులు కళ్లకద్దుకుంది. పెద్దులు తాళ్లు సర్దుతున్నాడు, ఆండాలు ఆ తాళ్లలో నీలం రంగు తక్కువైందని లెక్క చూస్తోంది. కాసేపటికి ఆండాలు ఎందుకో కిందికి చూస్తే, సీత రెండు చేతులూ తన పాదాల మీద ఆనించి వంగి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు. చల్లటి గాజులు పాదాలకు తగులుతున్నట్టు కళ్లకు కనబడుతోంది.

"అయ్యో, ఇప్పుడే సూసిన బిడ్డా" అంది ఆండాలు. చెయ్యి మెల్లగా ఎత్తి, గురి చూసుకుని, ఆ పిల్ల తల మీద పెట్టింది. "సల్లగుండు. నూరేండ్లు ఉండు."

పెద్దులు కావడి భుజానికెత్తుకుని రెండో చెయ్యి ఆమెకు అందించాడు. పక్కింట్లో కుక్క మొరుగుతోంది. ఆండాలు లేచి, కర్ర మీద నిలదొక్కుకుని, కేక వేయడానికి గొంతు సవరించుకుంది.